రేంజ్‌ఫైండర్ కెమెరా: పరిణామం, ఎంపిక

రెండు కిటికీల గుండా వచ్చే ప్రతిబింబాలను ఒకదానిపై ఒకటి చేర్చి వస్తువు దూరాన్ని తేల్చే సాధనమే రేంజ్‌ఫైండర్. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే లైకా 1925లోనే మార్కెట్లోకి వచ్చినా, ఆ సాధనాన్ని లెన్సుతో అనుసంధించి కెమెరాలోనే అమర్చడం 1932లో లైకా 2తో జరిగింది. అదే ఏడాది జైస్ ఐకాన్ సంస్థ కాంటాక్స్‌తో పోటీకి దిగింది. దృశ్యాన్ని చూసే కిటికీని, దూరాన్ని సరిచూసే కిటికీని 1936లో కాంటాక్స్ 2 ఏకం చేయగా, లెన్సును బట్టి వాటంతటవే మారే చట్రపు గీతలను 1954లో లైకా ఎం3 అందించింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక వృత్తి ఛాయాగ్రాహకులు లెన్సు గుండానే దృశ్యాన్ని చూపే ఎస్ఎల్ఆర్ వైపు మొగ్గగా, 1961 నాటి కానన్ కానొనెట్ వంటి స్థిర లెన్సు రకాలు తక్కువ ధరకే సామాన్యులకు చేరాయి.

పాత కెమెరా ఎంపికకు ఈ చరిత్రే ఆధారం: లెన్సులు మార్చుకోవాలనుకునేవారికి లైకా ఎం3, ఒక్క లెన్సు చాలనుకునేవారికి కానొనెట్ తగినవి. ఏది ఎంచుకున్నా, లెన్సును అనంతం గుర్తు వద్ద ఉంచి దూరపు స్తంభాన్ని చూసినప్పుడు రెండు బింబాలూ కలుస్తున్నాయా, లైకా అయితే గుడ్డతో చేసిన షట్టరు తెరకు సూదిబెజ్జాలు పడ్డాయా, లెన్సులో బూజు చేరిందా అన్నవి పరీక్షించాలి. పేరు కన్నా పనితీరుకే విలువ కట్టడం వివేకం.