నూట యాభై ప్రాణాల చింత



తెలుగు చెప్పుకొని బతికినవాణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. 'చింత' అంటే సంస్కృతం చదివినవారికి ఆలోచన, ఆందోళన. పల్లెటూరి పిల్లవాడికి మాత్రం పుల్లటి కాయలు కాసే చెట్టు. అమరసింహుడు ఈ చెట్టుకు తింతిడి, చించ, అమ్లిక అని పేర్లు చెప్పాడు. చించ నుంచి మన చింత వచ్చిందో, మన చింతే అటు వెళ్ళి చించ అయిందో భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి. అమ్లిక ఉత్తరాదిన ఇమ్లీ అయింది. ఆఫ్రికాలో పుట్టి ఎప్పుడో మన నేలకు వచ్చిన ఈ చెట్టును చూసి అరబ్బులు హిందూదేశపు ఖర్జూరం అన్న అర్థంలో 'తమర్ హిందీ' అన్నారు. ఆ పేరే ఐరోపా భాషలకు పాకి, శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరులో కూడా నిలిచిపోయింది. ఇంత దూరం తిరిగిన పేరుగల ఒకానొక చెట్టును గురించి ఈ టపా. అది హైదరాబాదులో, మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

1908 సెప్టెంబరు నెలాఖరు. పంచాంగం ముందు పెట్టుకొని వెనక్కి లెక్క వేస్తే అది కీలక నామ సంవత్సరం, ఆశ్వయుజ శుక్లపక్షం. మహాలయ అమావాస్య వెళ్ళి మూడు రోజులు. హిజ్రీ లెక్కలో 1326, రంజాను మాసపు తొలి దినాలు. అంటే ఒక వాడలో బతుకమ్మలు పేరుస్తున్న రోజులు, పక్క వాడలో ఉపవాసాలు మొదలైన రోజులు. బతుకమ్మను నీళ్ళలో సాగనంపే ఊరి మీదికి నీళ్ళే నడిచి వచ్చాయి.

షంషాబాదులో ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 13 అంగుళాల వాన కురిసింది. మూసీకి నీరందించే పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండేవి. ఎగువన ఒకటి తెగితే ఆ నీరు దిగువ చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. అలా 221 చెరువులు తెగాయి. మనవాళ్ళు తరతరాలుగా కట్టుకొచ్చిన గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ, కరువుకు అంత అండగా నిలిచేదే, ఆ ఒక్క రాత్రి శత్రువైపోయింది. సెప్టెంబరు 28, సోమవారం నాటికి అఫ్జల్‌గంజ్ దగ్గర పదకొండు అడుగుల నీరు నిలిచింది. వంతెనల్లో కుతుబ్‌షాహీల కాలపు పురానాపూల్ ఒక్కటే తట్టుకొన్నది. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి. ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. చనిపోయినవారు పదిహేను వేలని సాధారణంగా చెబుతారు. ఇళ్ళు పోగొట్టుకొన్నవారు ఎనభై వేలు.

రాతి గోడలను నమ్మి పేట్లబురుజు ఎక్కినవాళ్ళు, ఆ బురుజే కూలి నీళ్ళపాలయ్యారని చెప్పుకొంటారు. అవతలి ఒడ్డున అఫ్జల్ పార్కులో ఉన్న చింతచెట్టును ఎక్కినవాళ్ళు బతికారు. నూట యాభై మందికి పైగా. రెండు రోజులపాటు, తిండీ నీరూ లేకుండా, కిందనుంచి పశువులూ దూలాలూ శవాలూ కొట్టుకుపోతుంటే చూస్తూ, ఆ కొమ్మలను పట్టుకొని ఉన్నారు. చింత వేరు లోతుకు దిగుతుంది, కొమ్మ వంగుతుంది గాని తొందరగా విరగదు. ఈ గుణం ఉపాధ్యాయులకు బాగా తెలుసు. బడిలో బెత్తం దొరకనినాడు మాకు చేతికి వచ్చింది చింతబరికే గదా!

ఉర్దూలో రుబాయీలకు పేరుగన్న అమ్జద్ హైదరాబాదీ అప్పటికి యువకుడు. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కళ్ళముందే పోగా ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ ప్రళయాన్ని గురించి ఆయన కవిత్వం రాశాడు. నగరానికి జరిగిన దానిని పాఠకులు తెలుసుకోవాలంటే అంకెల పట్టికలకంటే ముందు ఆయన దగ్గరికే వెళ్ళాలని నా నమ్మకం.

తరువాతి కథ ఇంజనీర్లది. దానిని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో అది ఉన్నదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పథకం గీశారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఒడ్డున తోటలు, గోడలు, పెద్ద భవనాలు లేచాయి. 1925 నాటికి విన్సెంట్ ఈష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలతో నిలబడింది. ఇంత కట్టడంలో, ఇంత కూల్చివేతలో, చింతచెట్టు జోలికి ఎవరూ పోలేదు. ఆసుపత్రి ఆవరణలో భాగమై అది అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ నాకొక సందేహం కలుగుతూ ఉండేది. మన పెద్దలు చెట్టును కొలిచే పద్ధతులు ఎన్ని పెట్టలేదు! జ్యేష్ఠమాసంలో మర్రికి వటసావిత్రి. దసరానాడు జమ్మి. కార్తీకంలో ఉసిరి కింద విస్తళ్ళు వేసుకొని వనభోజనం. ఊరంతా కలిసి తోటకు పోయి, పాటలు పాడుకొని, కథలు చెప్పుకొని సాయంకాలానికి ఇంటికి రావడం. రావికీ వేపకూ పెళ్ళి చేసి చుట్టూ అరుగు కట్టడం. కళ, కథ, పదిమంది కూడడం అనే మూడూ ఈ ఆచారాల్లో కలిసే ఉన్నాయి. మరి చింతకో? తమిళదేశంలో నమ్మాళ్వారు కూర్చున్న తిరుక్కురుగూరు చింత పూజలందుకొంటుంది. గ్వాలియరులో తాన్‌సేన్ సమాధి దగ్గరి చింత ఆకు నమిలితే గొంతు బాగుపడుతుందని గాయకులు నమ్ముతారు. ఇవి వదిలేస్తే తెలుగు పల్లెల్లో నేనెరిగినంతవరకు చింతకు వ్రతం లేదు, పండుగ లేదు. రాత్రిపూట దాని కింద పడుకోవద్దంటారు, దయ్యాలుంటాయంటారు. చిగురు పప్పులోకి, కాయ పచ్చట్లోకి, పండు పులుసులోకి, బరికె మాస్టారికి. ఇంత ఇచ్చిన చెట్టుకు ఒక పసుపు బొట్టయినా దక్కలేదు.

ఆ లోటును హైదరాబాదు తీర్చింది. పురాణంతో పని లేకుండా, క్యాలెండరులోని ఒక తేదీతో తీర్చింది. ఏటా సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు ఆ చెట్టు కింద కూడి వరదలో పోయినవారిని తలుచుకొంటారు. 'ఫోరం ఫర్ ఎ బెటర్ హైదరాబాద్' వంటి సంస్థలు ఆ బాధ్యతను నెత్తిన వేసుకొని సాగించాయి. 2021లో కన్నుమూసిన నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ ఈ వరద కథను తన రచనల్లో, ప్రసంగాల్లో చెబుతూ వచ్చారు. ఎవరు పూజారి, ఎవరు భక్తుడు అన్న భేదం లేని తిథి ఇది. వరదనాడు చెట్టెక్కినవాళ్ళను ఆ చెట్టు కులం అడగలేదు, మతం అడగలేదు. ఆ తరువాత మనుషులు కూడా అడగకుండా ఉంటే బాగుండేది.

వరదకు నూరేళ్ళు నిండిన 2008లో నేను ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళాను. ముందుగా తరగతిలో కథ చెప్పాను. రోగుల బంధువులు చెట్టు చుట్టూ మూటలు పెట్టుకొని, బట్టలు ఆరేసుకొని ఉన్నారు. వారికి అడ్డం రాకుండా ఒక పక్కన చేరి, పిల్లలు ఆకులను కాగితం కింద పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చులు తీసుకొన్నారు. తరువాత ఆ రాత్రిని నటించారు. సంభాషణలు నేను రాసివ్వలేదు. ఒకడు తలపాగా విప్పి కిందివాడికి అందించినట్టు చేశాడు. ఒక పిల్ల చేతిలో లేని పసిబిడ్డను సాయంత్రం దాకా కింద పెట్టలేదు. మూటల దగ్గర కూర్చున్న ముసలివారు కూడా తమ బాధ కాసేపు మరిచి చూస్తూ ఉండిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "సార్, రెండు రోజులు పైన ఉన్నారు గదా, ఏ భాషలో మాట్లాడుకొన్నారు?"

నాకు జవాబు తెలియలేదు. ముప్ఫై ఏళ్ళు భాష బోధించినవాడు ఆలోచించవలసిన ప్రశ్న అది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, మార్వాడీ, ఏది వస్తే అది మాట్లాడి ఉంటారు. లేకపోతే అసలేమీ మాట్లాడి ఉండరు.

ఇదంతా చెప్పి నా సంగతి ఒకటి దాచిపెడితే బాగుండదు. అంతకు కొన్నేళ్ళ ముందు నేను పనిచేసిన ఒక బడిలో పెద్ద నిద్రగన్నేరు ఉండేది. కొత్త గదులు కట్టాలని దాన్ని కొట్టివేయడానికి తీర్మానం చేశారు. అందరితోబాటు నేనూ సంతకం పెట్టాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పడానికి ఆ చెట్టుకు కథ ఏమున్నదని? నిజానికి ఉన్నది. ముప్ఫై బ్యాచిల పిల్లలు దాని కింద అన్నం తిన్నారు. పరీక్ష తప్పినవాడు దాని చాటున ఏడ్చాడు. నేనే ఛందస్సు పాఠాలు ఎన్నో దాని నీడన చెప్పాను. కథ చెప్పడం వృత్తిగా గలవాణ్ణి, ఆ కథ మాత్రం ఆ సమావేశంలో చెప్పలేకపోయాను. మరుసటి జూలైలో వనమహోత్సవానికి అక్కడే ఒక మూల గుంత తవ్వి మొక్క నాటాము. ఆ పై జూలైలో మళ్ళీ అదే గుంత, వేరే మొక్క. ఈ వనమహోత్సవాన్ని 1950లో కేంద్రమంత్రిగా ప్రారంభించిన కె.ఎం. మున్షీ అంతకు రెండేళ్ళ ముందు హైదరాబాదులోనే భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్నవాడు. స్వయంగా సాహిత్యకారుడు. అది పండుగలాగా సాగాలని పేరులోనే మహోత్సవం అన్నమాట పెట్టాడు. మేము మాత్రం దాన్ని రిజిస్టరులో ఒక వరుసగా మార్చుకొన్నాము.

నేను చేయలేని పనిని చేవెళ్ళ దారిలో మరికొందరు చేశారు. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రహదారికి ఇరువైపులా నిజాం కాలపు మర్రిచెట్లు సుమారు తొమ్మిది వందలున్నాయి. దారి వెడల్పు చేయాలన్నప్పుడు నగరపు ప్రకృతి ప్రేమికులు వాటి కింద నడిచారు, ఒక్కొక్క చెట్టునూ లెక్కించి పటంలో గుర్తించారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. 2025లో, ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచి తక్కినవాటిని తరలించే ప్రణాళికతో పనులకు మార్గం తెరుచుకొన్నది. ఆ నవంబరులోనే అదే దారిలో మీర్జాగూడ దగ్గర ఘోరమైన బస్సు ప్రమాదం జరిగి ఎందరో పోయారు. చెట్టు పక్షాన మాట్లాడేవారు ఈ మాట దాచకూడదు. దారి పక్క ఊళ్ళవారికి రోడ్డు కూడా ప్రాణంతో సమానమే.

తిరిగి మూసీ దగ్గరికి వద్దాం. ఆసుపత్రికి సమీపంలోనే, నది మధ్యలో ఉన్న చోటు పేరు ఇమ్లీబన్. చింతతోపు అని అర్థం. అక్కడ 1994లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చింది. నగరంలో నీంబోలి అడ్డా ఉన్నది, జామ్‌బాగ్ ఉన్నది, సీతాఫల్‌మండి ఉన్నది, చింతల్‌బస్తీ ఉన్నది. బస్సు బోర్డులు చదువుకొంటూ పోతే ఒక తోట నడిచి వచ్చినట్టుంటుంది. చెట్లు పోయినా పేర్లు ఇంకా ఆకులు రాల్చలేదు.

2020 జూలైలో వాననీరు ఉస్మానియా పాత భవనపు వార్డుల్లోకి వచ్చింది. ఆ తరువాత దాన్ని ఖాళీ చేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు, మూసీ పొంగి ఇమ్లీబన్ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికులు చిక్కుకుపోయారు, వారిని బయటికి తెచ్చారు. తేదీ చూడండి. నూట పదిహేడేళ్ళకు రెండు రోజులు తక్కువ.

ఆ వార్త చూసిన కొన్నాళ్ళకు నేనొక్కణ్ణే చెట్టు దగ్గరికి పోయాను. మోకాళ్ళు సహకరించక అరుగు మీద కూర్చుండిపోయాను. పక్కన కూర్చున్న ఆమె పాలమూరు వైపు నుంచి కొడుకు వైద్యానికి వచ్చిందట. "ఈ చెట్టు సంగతి తెలుసా అమ్మా?" అన్నాను. తెలియదన్నది. చెప్పాను. కొంగు సవరించుకొని పైకి చూసి, "అందరు దిగినారా సారూ?" అన్నది. దిగారన్నాను. అప్పటికి పొద్దు వాలింది, చింత తన అలవాటు ప్రకారం ఆకులు ముడుచుకొంటున్నది. మూటలోంచి ఒక రొట్టె తీసి సగం నాకిచ్చింది.