కారు క్లచ్, ఫ్లైవీల్ మార్పిడి

కారు క్లచ్, ఫ్లైవీల్ మార్పిడి అనగా ఇంజనుకు, గేర్ బాక్సుకు నడుమనున్న క్లచ్ భాగాలను విప్పి అరిగినవాటి స్థానంలో కొత్తవి బిగించడం, అవసరమైతే ఇంజను చివర ఉండే ఫ్లైవీల్‌ను చదును చేయించడం లేదా మార్చడం. సాధారణంగా ఈ పనిని మెకానిక్ షెడ్లలో చేస్తారు. తగిన పనిముట్లు, చదునైన గట్టి నేల, తోడుగా మరొక మనిషి ఉన్నప్పుడు చిన్న కార్లకు ఇంటివద్ద కూడా చేయవచ్చు. క్లచ్‌ను మార్చడం నిజానికి అరగంట పని. దానిని చేరుకోవడానికి గేర్ బాక్సు మొత్తాన్ని దింపవలసి రావడం వలన ఒక రోజు, కొత్తవారికి రెండు రోజులు పడుతుంది. అందువలన గేర్ బాక్సు ఒకసారి దిగిన తరువాత లోపలి భాగాలన్నింటినీ పరీక్షించిన తరువాతనే తిరిగి మూయాలి.

ఈ వ్యాసంలోని వివరణ ముఖ్యంగా ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లకు వర్తిస్తుంది. 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారైన మారుతి 800 ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో 796 ఘనపు సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను అడ్డంగా అమర్చి ఉంటుంది. క్లచ్ పెడలు నుండి క్లచ్ వరకు ఒక తీగ కేబుల్ మాత్రమే ఉంటుంది.

పనిచేసే తీరు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగినపుడు, అంటే 720 డిగ్రీలకు, ఒక్కసారి మాత్రమే శక్తినిస్తుంది. మూడు సిలిండర్లు ఉన్నపుడు ప్రతి 240 డిగ్రీలకు ఒక శక్తి స్ట్రోకు వస్తుంది. కాని ఒక స్ట్రోకు 180 డిగ్రీలకు మించి ఉండదు. కనుక ప్రతిసారీ కనీసం 60 డిగ్రీల మేర ఏ సిలిండరూ షాఫ్టును నెట్టని ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని దాటించేది ఫ్లైవీల్. ఇది బరువైన పోత ఇనుప చక్రం. శక్తి స్ట్రోకులో గతిజ శక్తిని దాచుకొని, ఖాళీలో తిరిగి ఇస్తుంది. 6 కిలోల బరువు, 12 సెంటీమీటర్ల వ్యాసార్థం గల ఏకరీతి చక్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే దాని జడత్వ భ్రామకం సుమారు 0.043 కి.గ్రా.మీ² అవుతుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో అందులో దాదాపు 2,100 జౌళ్ల శక్తి ఉంటుంది. ఇది 50 కిలోల మనిషిని నాలుగు మీటర్లకు పైగా ఎత్తడానికి చాలిన శక్తి.

ఫ్లైవీల్ ముఖానికి ఎదురుగా క్లచ్ ప్లేటు, దాని వెనుక ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పెడుతుంది. పెడలు నొక్కినపుడు రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగు వేళ్లను నెట్టి పట్టును విడిపిస్తుంది. క్లచ్ మోయగల టార్క్ నాలుగు అంశాల లబ్ధం: ఘర్షణ గుణకం, స్ప్రింగు బలం, సగటు వ్యాసార్థం, ఘర్షణ తలాల సంఖ్య. ప్లేటుకు రెండు వైపులా పూత ఉంటుంది కనుక తలాలు రెండు. ఘర్షణ గుణకం 0.3, సగటు వ్యాసార్థం 7 సెంటీమీటర్లు అనుకుంటే, 100 న్యూటన్ మీటర్ల టార్క్ మోయడానికి సుమారు 2,400 న్యూటన్ల బలం కావాలి. పూత మీద నూనె పడితే ఘర్షణ గుణకం పడిపోతుంది, అదే నిష్పత్తిలో క్లచ్ సామర్థ్యం కూడా పడిపోతుంది. కొత్త ప్లేటు సైతం నూనె తగిలితే జారడానికి కారణం ఇదే.

మార్చవలసిన సమయం

క్లచ్ జారుతున్నపుడు ఇంజను చప్పుడు పెరుగుతుంది కాని కారు వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేరులో యాక్సిలరేటరు తొక్కినపుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. క్లచ్ పూర్తిగా విడవకపోతే గేర్లు గరగరమంటాయి, ముఖ్యంగా రివర్స్ గేరు. పెడలు నొక్కినపుడు మాత్రమే వినిపించే కీచుమనే శబ్దం రిలీజ్ బేరింగుది. కదిలేటప్పుడు బండి వణికితే ప్లేటు మీద నూనెనో, ఫ్లైవీల్ మీద వేడికి గట్టిపడిన మచ్చలనో అనుమానించాలి.

గేర్ బాక్సు మీద చేయి వేయడానికి ముందు కేబుల్‌ను చూడటం అవసరం. పెడలుకు ఉండవలసిన కొద్దిపాటి వదులు లేకపోతే కొత్త క్లచ్ కూడా జారుతుంది. వదులు ఎక్కువైతే క్లచ్ విడవదు. పానాతో సర్ది సరిచేయగల దోషానికి గేర్ బాక్సు దింపించుకున్న కార్లు తక్కువేమీ కాదు. పెడలు మీద ఎప్పుడూ కాలు ఆనించి ఉంచడం, ట్రాఫిక్‌లో ఎత్తు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం క్లచ్ త్వరగా అరగడానికి ప్రధాన కారణాలు. ఈ అలవాటు మారకపోతే కొత్త ప్లేటు కూడా ఎక్కువ కాలం నిలవదు.

అన్ని కార్లకూ ఇంటివద్ద ఈ పని తగదు. భారతదేశంలో 2014లో మారుతి సెలెరియోతో ప్రాచుర్యంలోకి వచ్చిన ఏ.ఎం.టి. కార్లలో ఇదే రకపు పొడి క్లచ్ ఉన్నప్పటికీ, దానిని యంత్రం నడుపుతుంది. కొత్త క్లచ్ వేసిన తరువాత దాని స్థానాన్ని కంప్యూటరు పరికరంతో నేర్పించవలసి ఉంటుంది. విద్యుత్ కార్లలో సాధారణంగా క్లచ్ ఉండదు.

ప్రమాదాలు

ఈ పనిలో ప్రాణాపాయం కలిగించేది కారు కింద పడుకోవడం. జాకీ బండిని పైకి ఎత్తే సాధనం మాత్రమే, మోసి నిలబెట్టే సాధనం కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక రబ్బరు సీలు తెగితే క్షణంలో బండి దిగిపోతుంది. కారును ఎత్తిన వెంటనే, తయారీదారు చూపిన గట్టి చోట్ల కింద రెండు ఇనుప స్టాండ్లను పెట్టి బరువును వాటిమీదికి దించాలి. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుకట్టెలు పెట్టాలి. కిందికి దూరే ముందు కారును చేతులతో గట్టిగా ఊపి చూడాలి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు ఎన్నడూ వాడరాదు. అవి బరువు ఒకేచోట పడినపుడు ముందస్తు సూచన లేకుండా పగులుతాయి. మట్టి నేల, వాలు నేల పనికిరావు. గట్టిగా బిగుసుకున్న బోల్టును లాగేటప్పుడు కారు పక్కకు జరుగుతుంది కనుక ఇరుసు నట్లను చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

రెండవది ధూళి. పాత క్లచ్ పూతలలో ఆస్‌బెస్టాస్ నార ఉండేది. దీని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరితే ఆస్‌బెస్టోసిస్, మీసోథీలియోమా అనే వ్యాధులు దశాబ్దాల తరువాత బయటపడతాయి. యూరోపియన్ యూనియన్ 2005 నుండి దీని వాడకాన్ని నిషేధించింది. పాత బండిలోని పూత ఏ రకానిదో కంటితో చూసి చెప్పలేము. అందుచేత గేర్ బాక్సు గూటిలోని నల్లని పొడిని గాలి గొట్టంతో ఊదడం, పొడి చీపురుతో ఊడ్చడం చేయరాదు. ముక్కుకు తగిన మాస్కు ధరించి, తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయాలి.

గేర్ బాక్సు దింపడం

మొదట బ్యాటరీ నెగెటివ్ తీగను తీసివేయాలి. స్టార్టరు మోటారుకు వెళ్లే లావుపాటి తీగలో తాళం తీసివేసినా కరెంటు ఉంటుంది. గేర్ ఆయిల్‌ను ఒక పాత్రలోకి దింపిన తరువాత స్టార్టరు, క్లచ్ కేబుల్, గేరు కడ్డీలు, స్పీడోమీటరు కేబుల్, రివర్స్ లైటు తీగలను ఒక్కొక్కటిగా విప్పాలి. బోల్టులను విప్పిన చోటు రాసిన కవర్లలో వేరువేరుగా ఉంచుకోవడం మంచిది. గేర్ బాక్సు చుట్టూ ఉండే బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం గూడు పగులుతుంది.

కింది బాల్ జాయింట్లను విడదీసి డ్రైవ్ షాఫ్టులను బయటకు తీస్తారు. గేర్ బాక్సు దిగిపోయినపుడు ఇంజనును మోసే ఆధారాలలో ఒకటి తగ్గిపోతుంది. కనుక పైనుండి అడ్డదూలానికి గొలుసుతో గాని, కింద చమురు తొట్టికి చెక్కపలక ఆనించి జాకీతో గాని ఇంజనును నిలపాలి. చిన్న కారు గేర్ బాక్సు కూడా ఒక మనిషి గుండెలమీద పెట్టుకొని దింపదగిన బరువు కాదు. రెండవ జాకీ మీద ఆనించి, నేరుగా వెనక్కు లాగి, షాఫ్టు క్లచ్ ప్లేటు నుండి పూర్తిగా బయటపడిన తరువాతనే కిందికి దించాలి. సగం దూరంలో దానిని వేలాడనిస్తే షాఫ్టు మీద బరువు పడి ప్లేటు మధ్యభాగం వంగుతుంది.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, ఒక్కొక్క చుట్టు చొప్పున వదులు చేయాలి. ఒకేవైపు విప్పితే స్ప్రింగు ఒత్తిడికి కవరు వంకరపోతుంది.

ఫ్లైవీల్ పరీక్ష

పాత ప్లేటు మీద రివెట్లకూ పూత ఉపరితలానికీ మధ్య లోతు సాధారణంగా 0.3 నుండి 0.5 మి.మీ. కంటే తగ్గితే ప్లేటు పని అయిపోయినట్లే. రివెట్లు ఫ్లైవీల్‌ను గీసి ఉంటే వలయాకారపు గాడులు కనిపిస్తాయి. నీలి మచ్చలు అతివేడికి గుర్తు. ఆ చోట పోత ఇనుము గట్టిపడుతుంది. లేత్ పనిముట్టు అక్కడ ఎగిరి ఎత్తుపల్లాలు మిగులుస్తుంది కనుక అటువంటి ఫ్లైవీల్‌ను గ్రైండింగు యంత్రం మీద చదును చేయించడం మేలు. విజయవాడలోని ఆటోనగర్ వంటి చోట్ల ఈ పని చేసే దుకాణాలు ఉన్నాయి. గోరుకు తగిలేంత పగుళ్లు ఉంటే చదును చేయించే ఆలోచన మాని కొత్తది తెచ్చుకోవాలి. పగిలిన ఫ్లైవీల్ వేగంగా తిరిగేటప్పుడు ముక్కలైతే గేర్ బాక్సు గూడు సైతం దానిని ఆపలేకపోవచ్చు. తిరిగేటప్పుడు ముఖం ఊగిసలాట చాలా కార్లలో 0.1-0.2 మి.మీ. లోపు ఉండాలి. దీనిని డయల్ గేజితో కొలుస్తారు. కొన్ని డీజిలు కార్లలో ఉండే రెండు ద్రవ్యరాశుల ఫ్లైవీల్‌ను సాధారణంగా చదును చేయించరాదు. అందులోని స్ప్రింగులు అరిగితే మొత్తం మార్చాలి, దాని ఖరీదు క్లచ్ ఖరీదును మించుతుంది.

ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేరు పళ్లు అంతటా సమంగా అరగవు. ఇంజను ఆగేటప్పుడు ఏదో ఒక సిలిండరులోని కుదింపు దానిని అడ్డుకుంటుంది కనుక ఎప్పుడూ కొన్ని చోట్లనే ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో అవి రెండు చోట్లు, మూడు సిలిండర్లదానిలో మూడు. స్టార్టరు పళ్లు మొదట తగిలేది అక్కడే.

ఫ్లైవీల్ విప్పినపుడు క్రాంక్ షాఫ్టు వెనుక ఆయిల్ సీలు బయటపడుతుంది. అక్కడ తడి ఉంటే సీలు మార్చకుండా మూయడం వృథా ఖర్చు. తక్కువ ధర గల ఈ వలయం కోసమే మళ్లీ గేర్ బాక్సు దింపవలసి వస్తుంది. కారిన నూనె ఘాటైన గంధకపు వాసన వేస్తే అది గేర్ ఆయిల్, కనుక దోషం గేర్ బాక్సు వైపు సీలుది.

తిరిగి బిగించడం

ఫ్లైవీల్ బోల్టులను పాతవి వాడకుండా కొత్తవి వేయడం క్షేమం. చాలా కార్లలో ఇవి ఒకసారి సాగేటట్లుగా బిగించే రకం. బిగింపు కొలత ప్రతి మోడలుకు వేరు కనుక ఆ కారు సర్వీసు పుస్తకం చూసి టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. కొత్త ప్రెషర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో తుడిచివేయాలి. క్లచ్ ప్లేటులో ఉబ్బెత్తుగా ఉండే వైపు సాధారణంగా గేర్ బాక్సు వైపుకు వస్తుంది. చాలా ప్లేట్ల మీద ఈ సంగతి ముద్రించి ఉంటుంది. తిరగవేసి బిగిస్తే క్లచ్ విడవదు, ఆ తప్పు అంతా బిగించిన తరువాత కాని బయటపడదు.

ప్లేటును మధ్యకు తెచ్చే కడ్డీని దూర్చి ఉంచి, కవరు బోల్టులను ఎదురెదురుగా బిగించాలి. స్ప్లైన్లు అని పిలిచే షాఫ్టు గాడుల మీద గ్రీజును పలుచగా మాత్రమే పూయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి పూత మీద పడుతుంది. రిలీజ్ బేరింగును, అది బాగున్నట్లు కనిపించినా, మార్చడం ఆనవాయితీ.

గేర్ బాక్సును ఎక్కించేటప్పుడు అది ఇంజనుకు చేతి బలంతోనే అంటుకొని కూర్చోవాలి. కూర్చోకపోతే గేరులో వేసి షాఫ్టును కొద్దిగా తిప్పి మళ్లీ ప్రయత్నించాలి. బోల్టులతో లాగి దగ్గరకు తెచ్చే ప్రయత్నంలో గూటి చెవులు విరిగిన సందర్భాలు, ప్లేట్లు పాడైన సందర్భాలు అనేకం. చివరగా కొత్త గేర్ ఆయిల్ పోయాలి. అలసటలో చాలామంది మరిచేది దీనినే, నూనె లేని గేర్ బాక్సు కొద్ది దూరంలోనే పాడవుతుంది.

కేబుల్ వదులును సర్దిన తరువాత ఇంజను ఆపి ఉండగా గేర్లన్నీ పడుతున్నాయో లేదో చూస్తారు. తరువాత స్టార్టు చేసి, పెడలు నొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేస్తారు. గరగర రాకుండా పడితే క్లచ్ పూర్తిగా విడుస్తున్నట్లు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు లాగడం, దూకుడుగా బయలుదేరడం మానితే కొత్త పూత ఫ్లైవీల్ ముఖానికి సరిగా ఒరుసుకుంటుంది. దింపిన పాత నూనెను మురుగు కాలువలో పోయరాదు. భారతదేశపు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడిన నూనె కూడా వస్తుంది. దానిని మూత గల డబ్బాలో పోసి, అనుమతి పొందిన సేకరణదారులకు పంపే షెడ్డులో అప్పగించాలి.