జర్కు లేని గేరు మంచి గేరేనా?

కోయంబత్తూరు మనవాళ్ళకు మోటారు పిచ్చి కొత్తేమీ కాదు. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టిన ఊరు, కరివర్ధన్ మారుతి 800 ఇంజను పెట్టి రేసు కార్లు కట్టిన ఊరు. కాని ఇక్కడ రేసంటే చేత్తో గేరు వేయడమే. అందుకే ఆటోమేటిక్ విషయంలో మనందరిదీ ఒకటే నమ్మకం: గేరు మారినట్టు తెలియకపోతే బండి బాగున్నట్టే. మేమూ అలాగే నమ్మి ఒక గేరుబాక్సు పోగొట్టుకున్నాం.

మా ఇంట్లో దిగుమతైన పాత ఆటోమేటిక్ ఒకటుంది. రెండో గేరు పడేటప్పుడు చిన్న జర్కు. పెద్దవాళ్ళు కూర్చునే బండి కదా, దాన్ని తీసేయమని షెడ్డులో అడిగాం. థ్రాటిల్ కేబుల్ వదులు చేసి ఇచ్చారు. బండి వెన్నలా నడిచింది. కొన్ని నెలలకే నూనె నల్లబడింది, మాడు వాసన, తర్వాత పై గేరే పట్టలేదు.

ఏం జరిగిందో తెలియాలంటే అమెరికా దాకా వెళ్ళాలి. ఎర్ల్ థాంప్సన్ బృందం తయారుచేసిన హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో వచ్చింది. నాలుగు గేర్లు, క్లచ్ పెడల్ లేదు. యుద్ధంలో స్టువర్ట్, చాఫీ ట్యాంకులకూ అదే పెట్టారు. దానికో పేరుమోసిన జబ్బుండేది. రెండు నుంచి మూడుకు వెళ్ళాలంటే ముందు గేరు సెట్టు, వెనక సెట్టు రెండూ ఒకే క్షణంలో మారాలి. ఒకటి వదిలేలోపు మరొకటి పట్టిందా, బండి ఊగిపోయేది. 1956లో ఒక క్లచ్ స్థానంలో నూనెతో నిండి ఖాళీ అయ్యే కప్లింగ్ పెట్టి దాన్ని మెత్తబరిచారు.

డ్రాగ్ రేసుల కుర్రాళ్ళకు మాత్రం పాతదే ముద్దు. 1953లో కాలిఫోర్నియాలో బాబ్ స్పార్, మోర్ట్ షూమన్ మొదలుపెట్టిన బి అండ్ ఎం, ఆ పాత హైడ్రామాటిక్‌ను గట్టిపరిచి రేసులకు అమ్మింది. వాళ్ళకు జర్కుతో పని లేదు, క్లచ్ జారకపోతే చాలు.

అసలు కిటుకంతా ఇక్కడే. లోపలి క్లచ్ పలకలను బిగించేది నూనె ఒత్తిడి. ఆ నూనెలో కొంత ముందు అక్యుములేటర్ అనే స్ప్రింగు పిస్టన్ మింగుతుంది, అందుకని పలకలు మెల్లగా పట్టుకుంటాయి. మెల్లగా పట్టడమంటే కాసేపు జారడం, జారితే వేడి, వేడికి పలక మాడుతుంది. రేసువాళ్ళు ఒత్తిడి పెంచారు, వాల్వ్ బాడీ పలకలో నూనె పోయే బెజ్జాలు పెద్దవి చేశారు, కొందరు అక్యుములేటర్‌ను పూర్తిగా బిగించేశారు. గేరు కొరడా దెబ్బలా పడుతుంది. పావు మైలు పరుగుకు అది సరే. రోజూ సిగ్నళ్ళలో ఆగే బండికి అదే చేస్తే ఆ దెబ్బ యూనివర్సల్ జాయింటుకూ డిఫరెన్షియల్‌కూ తగులుతుంది. మన నడుముల సంగతి చెప్పక్కర్లేదు.

ఈ రెంటి మధ్య దారి చూపినవాళ్ళలో ట్రాన్స్‌గో గిల్ యంగర్ ఒకరు. ఆయన షిఫ్ట్ కిట్‌లో స్ప్రింగులు, వాల్వులు, కొలత ప్రకారం బెజ్జాలు. మా దృష్టిలో రేసుల్లో గెలిచినవాళ్ళకన్నా ఆయనదే పెద్ద పని. రోడ్డు బండికి సూత్రం ఏమిటంటే, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే ఒత్తిడి తక్కువ, గట్టిగా తొక్కితే ఎక్కువ. ఎంత తొక్కామన్న కబురు గేరుబాక్సుకు చేర్చేది 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400లో వాక్యూమ్ మాడ్యులేటర్, 1982 నాటి 700ఆర్4లో కేబుల్. మా షెడ్డువాళ్ళు వదులు చేసింది అలాంటి కేబులునే! ఇంజను లాగుతున్నా ఒత్తిడి పెరగలేదు, పలకలు జారి మాడిపోయాయి.

తర్వాత ఆ పని కంప్యూటరుకు వెళ్ళింది. గేరు మారే క్షణంలో ఇంజను బలాన్ని కాస్త తగ్గించి, క్లచ్‌ను త్వరగా పట్టిస్తుంది. అందుకే కొత్త బండి మెత్తగానూ ఉంటుంది, మాడకుండానూ ఉంటుంది.

ఒక మాట మన కుర్రాళ్ళకు. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ ఈ జాతి కాదు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది. దాని జర్కుకు షిఫ్ట్ కిట్ అంటూ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

మా బండికి కొత్త పలకలు వేసి, కేబుల్‌ను కొలత ప్రకారం బిగించాం. రెండో గేరు మళ్ళీ తెలుస్తోంది. వెనక సీట్లో అమ్మమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.