దీపావళి గిఫ్టులపై ట్యాక్స్: ఉద్యోగికి 5 వేలు, డీలర్‌కి 20 వేలు.. ఈ తేడా తెలియకపోతే జేబుకు చిల్లే!

దీపావళి వచ్చిందంటే ఆఫీసుల్లో స్వీట్ బాక్సులు, డ్రై ఫ్రూట్స్, గిఫ్ట్ కార్డుల సందడే వేరు. అటు డీలర్లకు కంపెనీలు వెండి నాణేలు, ఫ్రిజ్‌లు, ఫారిన్ ట్రిప్పులు కూడా ఇస్తుంటాయి. 'గిఫ్టే కదా, 50 వేల దాకా ట్యాక్స్ ఉండదులే' అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ రూలు ఉద్యోగం వల్ల, వ్యాపారం వల్ల వచ్చే గిఫ్టులకు వర్తించదు. గిఫ్ట్ ఎవరిచ్చారు, ఏ సంబంధంతో ఇచ్చారు అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి రూల్స్ ఎలా ఉన్నాయో చూద్దాం.

ఉద్యోగులకు: ఏడాది మొత్తానికి 5 వేలే

కంపెనీ వస్తు రూపంలో గానీ, వోచర్ రూపంలో గానీ ఇచ్చే గిఫ్టులకు ఏడాదికి 5,000 రూపాయల వరకే మినహాయింపు. ఇది ఒక్కో గిఫ్టుకు కాదు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చిన అన్నిటికీ కలిపి. మీ ఇంట్లో వాళ్లకు ఇచ్చినా మీ లెక్కలోకే వస్తుంది. పాత, కొత్త పన్ను విధానాలు రెండిట్లోనూ ఇదే రూలు.

ఉదాహరణకు, కంపెనీ వార్షికోత్సవానికి 2,000 రూపాయల బ్యాగు, దసరాకి 2,500 వోచర్, దీపావళికి 3,500 విలువైన మిక్సీ ఇచ్చారనుకుందాం. మొత్తం 8,000. ఇందులో 5,000 పోగా మిగిలిన 3,000 మీ జీతంలో కలుస్తుంది. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే పన్ను 600 రూపాయలు, సెస్ అదనం. ఇప్పుడున్న ధరల్లో ఒక్క గ్రాము బంగారు నాణెం ఇచ్చినా ఈ పరిమితి దాటిపోతుంది.

క్యాష్ ఇస్తే అసలు మినహాయింపే లేదు

కవర్‌లో పెట్టి ఇచ్చినా, అకౌంట్లో వేసినా, బోనస్ అన్నా, గిఫ్ట్ అన్నా.. డబ్బు రూపంలో వస్తే మొదటి రూపాయి నుంచే జీతం కిందే లెక్క. నగదుగా మార్చుకునే వీలున్న గిఫ్ట్ చెక్కులకూ ఇదే వర్తిస్తుంది.

డీలర్లు, ఏజెంట్లు, కన్సల్టెంట్లకు: 20 వేలు దాటితే టీడీఎస్

వ్యాపార సంబంధంతో ఇచ్చే గిఫ్టులకు 2022 జులై 1 నుంచి సెక్షన్ 194ఆర్ అమల్లోకి వచ్చింది. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చిన గిఫ్టుల విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ కట్ చేయాలి. దాటిన భాగంపై కాదు, మొత్తం విలువపై. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

టార్గెట్ కొట్టిన సిమెంట్ డీలర్‌కి కంపెనీ 35,000 రూపాయల ఫ్రిజ్ ఇస్తే టీడీఎస్ 3,500. వస్తువులోంచి పన్ను కోయలేరు కాబట్టి, ఫ్రిజ్ చేతికిచ్చే ముందే ఆ పన్ను కట్టారో లేదో కంపెనీ చూసుకోవాలి. డీలర్ కట్టకపోతే కంపెనీ తానే భరించాలి. కంపెనీ బయట కొని ఇస్తే కొన్న ధరే విలువ, జీఎస్టీ కలపరు.

బిల్లులో ఇచ్చే డిస్కౌంట్, క్యాష్ డిస్కౌంట్, రిబేట్లకు ఈ టీడీఎస్ లేదు. గిఫ్ట్ ఇచ్చేది సొంత పేరుతో వ్యాపారం చేసే వ్యక్తి అయి, అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి రూపాయలు దాటకపోతే కట్ చేయాల్సిన పనిలేదు. డాక్టర్లు, లాయర్ల లాంటి వృత్తుల్లో ఈ పరిమితి 50 లక్షలు.

ఇక్కడే చాలామంది పొరబడతారు

20 వేల లోపు వస్తే టీడీఎస్ కట్ కాదు, అంతే. పన్నే లేదని కాదు! వ్యాపారం వల్ల వచ్చిన గిఫ్ట్ 10 వేలదైనా అది వ్యాపార ఆదాయమే, రిటర్న్‌లో చూపించాల్సిందే. టీడీఎస్ కట్ అయితే ఆ వివరం మీ 26ఏఎస్, ఏఐఎస్‌లో కనిపిస్తుంది. మీరు చూపించకపోతే తేడా బయటపడి నోటీసు రావచ్చు. చూపిస్తే మాత్రం కట్ అయిన సొమ్ము మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే రిఫండ్ వస్తుంది.

గిఫ్ట్ ఇచ్చే ఓనర్లకు: జీఎస్టీ లెక్క వేరే

ఒక్కో ఉద్యోగికి ఏడాదిలో 50,000 రూపాయల వరకు ఇచ్చే గిఫ్టులను జీఎస్టీలో సరఫరాగా చూడరు. అయితే గిఫ్టుగా పంచిన వస్తువులు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. ఇక డాక్టర్లకు ఫార్మా కంపెనీలు ఇచ్చే కానుకలను ఖర్చుగా చూపడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

మరి ఆ 50 వేల రూలు ఎవరికి?

బంధువులు కానివాళ్ల నుంచి వ్యక్తిగతంగా వచ్చే గిఫ్టులకు. ఏడాదిలో అవి 50,000 దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది. తోబుట్టువులు, తల్లిదండ్రుల లాంటి దగ్గరి బంధువులు ఇచ్చినా, మీ పెళ్లికి వచ్చినా పన్ను లేదు.

ఇప్పుడు ఏం చేయాలి?

ఉద్యోగులైతే 2025-26లో అందుకున్న గిఫ్టుల విలువ హెచ్ఆర్‌ని అడిగి, ఫారం 16లో సరిచూసుకోండి. డీలర్లయితే గిఫ్ట్ తీసుకునేటప్పుడే టీడీఎస్ ఎవరు కడుతున్నారో అడగండి, రిటర్న్ వేసే ముందు ఏఐఎస్ చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఆ తర్వాత తీసుకునే గిఫ్టులకు అప్పటి రూల్స్ చూసుకోవాలి.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మీ కేసులో నిర్ణయం తీసుకునే ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌ని సంప్రదించండి.