గట్టు మీద చంటిపిల్లలు

గత జనవరిలో మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, మారేడుమిల్లిలో టెంట్ బుక్ చేశాం. పాపకి ఎనిమిదో నెల కదా, రాత్రి చలికి ఏం చెయ్యాలి?" అంటూ ఎన్ని స్వెటర్లు, ఎన్ని దుప్పట్లు కొన్నదో లెక్క చెప్పుకొచ్చింది. నేను ఫోన్ తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. చంటిపిల్లాణ్ణి పెట్టుకుని ఆరుబయట రాత్రులు గడిపిన మనిషి మా ఇంట్లో ఆవిడే. సరదాకి కాదు, గోదావరి తరిమితే.

అది 1986 ఆగస్టు. తమ్ముడు పుట్టి నలభై రోజులు. అమ్మ పురిటికి వచ్చి ఇంకా అమ్మమ్మగారింట్లోనే ఉంది, ధవళేశ్వరం దిగువన ఒక లంకలో. అక్కకి పదేళ్ళు, నాకు ఏడు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం సరిగ్గా ఆగస్టు 15నే వచ్చింది. కలశం పెట్టాల్సిన పూట పడవెక్కాం.

ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఆ మర్నాడు, 16న, 35 లక్షలు దాటింది. అంటే మూడో హెచ్చరికకి రెండింతలు. అంతటి వరద అక్కడ మళ్ళీ ఇప్పటిదాకా రాలేదు. చాలామంది అనుకుంటారు, ఆనకట్ట ఉందిగా, వరదని ఆపలేదా అని. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్టయినా, తర్వాత దాని చోట వచ్చిన బ్యారేజీ అయినా నీటిని కాలవలకి మళ్ళించడానికే. వరదొస్తే 175 గేట్లూ ఎత్తేసి సముద్రానికి వదిలెయ్యాల్సిందే. లంకల్లో వాళ్ళకి దిక్కు ఏటిగట్టు.

ఆ గట్టు మీద మేం నాలుగు రాత్రులున్నాం. నెత్తిన ఒక బరకం, నాలుగు వెదురుబద్దలు. ఒక పక్క ఎర్రనీళ్ళ హోరు, ఇంకో పక్క కట్టేసిన గేదెలు.

ఆగస్టులో చలేమిటి అంటారేమో. పెద్దవాళ్ళకి కాదు. చంటిపిల్లలు మనలాగా వణికి ఒంట్లో వేడి పుట్టించుకోలేరు. ఒంటితో పోలిస్తే తల పెద్దది, అటునుంచి వేడి పోతూనే ఉంటుంది. దానికి తోడు తడిగుడ్డ, ఏటి మీద గాలి. ఎండాకాలంలో కుండ మీద తడిగుడ్డ చుడితే నీళ్ళు ఎలా చల్లబడతాయో, తడి పొత్తిళ్ళలో పిల్లా అలాగే చల్లబడుతుంది.

అందుకే అమ్మకి ఆ నాలుగు రోజులూ దుప్పటి గొడవ కాదు, పొడిగుడ్డ గొడవ. ఎండ లేదు, ఆరేసుకునే తీగ లేదు. పిండిన పక్కగుడ్డల్ని పొట్ట మీద పరుచుకుని పైన చీర బిగించి కట్టుకునేదట. ఒంటి వేడికి ఆరేవి. తను తడిగానే ఉండేది. పక్క విషయంలో మాత్రం అమ్మమ్మ మాటే మాట. తాటాకు చాప, దాని మీద రెండు గోనెసంచులు, ఆపైన పాత చీరల బొంత. పైన ఎంత కప్పినా కిందనుంచి నేల వేడి లాగేస్తుందని ఆవిడ గట్టిగా చెప్పేది.

రెండో రాత్రి పక్కవాళ్ళు బరకం నాలుగువైపులా దించేసి లోపల కుంపటి పెట్టుకున్నారు. అమ్మమ్మ వెళ్ళి కేకలేసి బయట పెట్టించింది. మూసేసిన చోట బొగ్గులు కాలితే వచ్చే విషవాయువుకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆవిడకి దాని పేరు తెలీదు. పురిటిగదిలో కుంపటి పెట్టినప్పుడు కిటికీ తీసి ఉంచడం మాత్రం తెలుసు.

ఆ బరకం కిందే నెల తప్పి ముందే పుట్టిన పన్నెండు రోజుల గుంటడు ఉన్నాడు. మూడో రాత్రి వాడి పాదాలు మంచులా అయిపోయాయి. పాలు పట్టడం మానేశాడు, ఏడుపు కూడా లేదు. తల్లి వాణ్ణి ఇంకో గుడ్డలో చుట్టబోతుంటే అమ్మమ్మ ఆపింది. తడిసిన గుడ్డలన్నీ విప్పేసి, ఒళ్ళు తుడిచి, ఒట్టి ఒంటితో తల్లి రొమ్ముల మధ్య బోర్లా పెట్టింది. తలకి పొడిగుడ్డ కట్టి, ముక్కూ నోరూ ఆడేలా మొహం పక్కకి తిప్పి, చీరతో ఇద్దర్నీ కలిపి కట్టేసింది. ఆ పిల్ల కూర్చునే తెల్లవార్లూ ఉంది, ఆమెకి కునుకు పట్టకుండా అమ్మ పక్కన కూర్చుంది. కోడి కూసేవేళకి గుంటడు కదిలి రొమ్ము వెతుక్కున్నాడు.

పెళ్ళయ్యాక ఎప్పుడో చదివాను. 1978లో కొలంబియా దేశం బొగొటాలో ఎడ్గర్ రే అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు పిల్లల్ని తల్లి గుండెలకి ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడట. దానికే కంగారూ సంరక్షణ అని పేరు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెయ్యమంటోంది. అలాగని అమ్మమ్మలు చేసిందల్లా వైద్యమేనని నేననను. అదే అమ్మమ్మ అదే గట్టు మీద తమ్ముడి ముక్కులో ఆముదం చుక్క వెయ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పోట్లాట నాకు వరద కంటే బాగా గుర్తు.

2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటినప్పుడు పేపర్లో పడవల ఫొటోలు వేశారు. గ్యాస్ బండలు, మేకలు, టీవీలు. నా కళ్ళు మాత్రం ఆడవాళ్ళ చంకల్లోకే పోయాయి. గుడ్డలు పొడిగా ఉన్నాయా అని.

ఫోన్లో అమ్మ చెప్పినది ఇంతే. కొన్న దుప్పట్లలో సగం కింద వెయ్యి. టెంటులో నిప్పు పెట్టకు. పక్క తడిస్తే అర్ధరాత్రయినా మార్చు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, చెమట పడితే ఒక పొర తీసెయ్యి. మొహం మీద ఏదీ కప్పకు.

"మరి ఆ నాలుగు రోజులూ నువ్వెప్పుడు పడుకున్నావు అమ్మమ్మా?" అని అడిగింది అది.

"పున్నమి నాడు, మంగళవారం" అంది అమ్మ, తడుముకోకుండా. "మీ తాతయ్య రాజమండ్రి నుంచి వచ్చి పిల్లాణ్ణి తీసుకున్నారు. చొక్కా తడిగా ఉందని ముందు అది విప్పించాను."