ఓడ మునిగే కథ, ఉడికిన గుడ్లు

తణుకులో లాడ్జి గది. తెల్లవారి అయిదున్నర. టీ పెట్టుకొమ్మని వాళ్లు ఉంచిన ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఆరు గుడ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉడుకుతున్నాయి. మీరు మంచం అంచున కూర్చుని ఫోన్‌లో లెక్క చూసుకుంటున్నారు. గుడ్డుకి ఆరు గ్రాముల ప్రొటీన్, ఆరింటికి 36. రోజుకి 120 ఉండాలని జిమ్‌లో కోచ్ రాసిచ్చాడు. అన్నం, ఇడ్లీ, పంచదార బంద్. ఇంతవరకూ ఒక్క మెతుకు తగలకుండా నెట్టుకొచ్చారు. 90 కిలోల మనిషి 86కి దిగారు. ప్యాంటు వదులైంది, మొహం కాస్త పీక్కుపోయింది, కడుపు మాత్రం మూడు రోజులకోసారి గానీ కదలడం లేదు.

ఇవాళ పిన్ని వాళ్ల గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం. ఆ గుమ్మంలోకి గుడ్డు రాకూడదు. అందుకే నాలుగు ఇక్కడే ఉప్పు, మిరియాలు చల్లుకుని మింగేసి, మిగతా రెండూ స్టీలు డబ్బాలో పెట్టి కారు డ్యాష్‌బోర్డు అరలోకి తోశారు. దొంగసొత్తులాగా.

దారిలో కోళ్ల ఫారం గేటు దగ్గర లారీకి ట్రేలు ఎక్కిస్తున్నారు. ట్రేకి 30 చొప్పున వరసల మీద వరసలు. గోదావరి జిల్లాల గుడ్డు ఇక్కణ్నుంచి బెంగాల్, అస్సాం దాకా పోతుంది. మీకు మాత్రం సాయంత్రం దాకా అందదు.

కొత్త సున్నం వాసన, మామిడాకుల తోరణం, పాలు పొంగించిన పొయ్యి. హాల్లో చాప మీద గోడకి జారబడి కూర్చున్నారు. వంటింట్లోంచి నేతిలో వేగుతున్న రవ్వ వాసన వస్తోంది. విచిత్రమేమిటంటే ఆకలి లేదు. పొద్దున తిన్న గుడ్లు కడుపులో బరువుగా ఉన్నాయి. ఈ తిండిలో అసలు సుగుణం ఇదే, కడుపు త్వరగా ఖాళీ అనిపించదు. పైగా 100 కేలరీల ప్రొటీన్ తింటే 20 నుంచి 30 దాకా అరిగించుకోడానికే ఖర్చవుతాయి. అన్నం లాంటి పిండిపదార్థాలకైతే అయిదు నుంచి పది. కడుపు ఒప్పుకున్నా నోరు ఒప్పుకోదు, అదీ చిక్కు. మూడు వారాలుగా నాలుకకి పులుపు, తీపి, కరకర ఏవీ తగల్లేదు.

పంతులుగారు వ్రతకథ నాలుగో అధ్యాయంలోకి వచ్చారు. మొగుడు ఊళ్లోకి వచ్చాడన్న సంబరంలో కళావతి ప్రసాదం తీసుకోకుండా రేవుకి పరుగెత్తింది. ఓడ, అందులోని మొగుడితో సహా మునిగింది. అయిదో అధ్యాయంలో తుంగధ్వజ మహారాజు గొల్లవాళ్లు పెట్టిన ప్రసాదం వదిలేసి వెళ్లాడు. నూరుగురు కొడుకులూ, సంపదా పోయాయి. చిన్నప్పట్నుంచీ వింటున్న కథే. డైట్‌లో ఉండి వినడం ఇదే మొదలు.

హారతి అయింది. ప్రసాదం గిన్నె మీ వైపే వస్తోంది. రవ్వ, పంచదార, నెయ్యి, పాలు, అరటిపండు. ఇందులో ప్రొటీన్ వెతకడం దండగ. పిన్ని చెయ్యి ముందుకి చాపింది. మీ చెయ్యి వెనక్కి పోయింది.

"పట్టరా నాన్నా. కథ వినలేదూ?"

పట్టారు. అరచేతిలో వేడి, వేళ్ల సందుల్లోంచి నెయ్యి. తిన్నారు. చెయ్యి కూడా నాకారు, ఎవరూ చూడలేదు. నన్నడిగితే మంచి పనే చేశారు. చారెడు ప్రసాదానికి చెడిపోయే డైట్ ఎలాగూ సంక్రాంతి దాటదు.

అసలు గండం విస్తరి దగ్గర. పులిహోర, పూర్ణం బూరెలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, ఆవకాయ. వడ్డించే కుర్రాళ్లకి "వద్దు" అన్న మాట వినపడదు. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెడితే, చేతుల మీదే వడ్డించేలా ఉన్నారు. ఒక మూలకి ముద్దపప్పు రెండు గరిటెలు, మరో మూలకి గడ్డపెరుగు, మధ్యలో కూరలు. గరిటెడు పప్పుకి ఆరేడు గ్రాములు అనుకున్నా ఎంతవుతుందో మీరు లెక్కపెడుతుండగా పిన్ని వచ్చి నిలబడింది.

"అన్నమేదిరా? మా కొత్తింట్లో అన్నం ముట్టవా?"

బంతి మొత్తం తలలు తిప్పి చూసింది. సమాధానం లేదు. పక్క విస్తరిలోంచి బాబాయి అందుకున్నాడు. ఆస్పత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి.

"వీరమాచనేని వారి డైటా ఏంటి? ఆమధ్య మా వీధంతా కొబ్బరినూనె తాగింది."

"కాదు బాబాయ్. అందులో రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయ నీళ్లు. నాది ప్రొటీన్."

"ఎంత?"

"120 గ్రాములు."

బాబాయి కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాడు. "తార్నాకలోని పోషకాహార సంస్థ కిలో బరువుకి 0.83 గ్రాములంది. నీ పాత బరువుకి లెక్కేసినా 75. పొడులు కూడా తాగుతున్నావా?"

"లేదు."

"అదొక్కటి నయం. వాళ్లూ వద్దనే అంటున్నారు. క్రియాటినిన్ చేయించావా? బీపీ, షుగరూ చూపించుకున్నావా?"

లేదు. కోచ్ అడగలేదు, మీకూ తోచలేదు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా కాస్త ఎక్కువ ప్రొటీన్ తినడంలో తప్పులేదు, కిడ్నీలు బాగుంటే. అవి బాగున్నాయో లేదో మనిషికి పైకి తెలియదు, చాలామందికి సగం పైగా పోయాక గానీ బయటపడదు. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి ఈ తిండి భారం. కిడ్నీల సంగతి చెప్పే ఆ క్రియాటినిన్ రక్తపరీక్ష చవకైనది, ఏ చిన్న ఊరి ల్యాబులోనైనా చేస్తారు.

"రేపే చేయించుకో. ఈలోగా ఆ బూరె తిను, మీ పిన్ని కళ్లు చూడలేకపోతున్నాను."

బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోశారు. ఒకటి రెండయింది. పప్పులోకి గుప్పెడు అన్నం, ఆవకాయ కలిశాయి. పిన్ని అక్కణ్నుంచి కదిలింది.

సాయంత్రం కారు తలుపు తీశారు. వైశాఖం ఎండకి రోజంతా ఉడికిన కారులో, డ్యాష్‌బోర్డు అరలోంచి వచ్చిన వాసన వర్ణించను. డబ్బాతో సహా కాలవగట్టున చెత్తకుండీలో పడేసి, కిటికీలన్నీ దించుకుని హైదరాబాద్ దారి పట్టారు.

తెల్లవారి వేయింగ్ మెషీన్ ఎక్కారు. 86.9. ఒక్క భోజనానికి 900 గ్రాములు! గుండె జారింది కదా. జారనక్కర్లేదు. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి, రెండు బూరెలకీ గుప్పెడు అన్నానికీ అంత శక్తి లేదు. పిండిపదార్థం తిన్నప్పుడు లివరూ, కండరాలూ దాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుంటాయి. ఆవకాయ ఉప్పు ఇంకాస్త నీటిని ఆపింది. మొదటి వారంలో గబగబా తగ్గి మిమ్మల్ని మురిపించిన రెండు కిలోల్లోనూ ఎక్కువభాగం ఈ నీళ్లే, అప్పుడు పోయినవి ఇప్పుడు కొన్ని తిరిగొచ్చాయి. మళ్లీ గుడ్లు, కోడిమాంసం, పెసలు మొదలుపెట్టండి, ఆకుకూరలు ఈసారి మరవకండి. ఈ వారం మెషీన్ ఎక్కకండి, ముందు ల్యాబుకి వెళ్లండి.