జాన్ సి. బ్రెకిన్‌రిడ్జ్

జాన్ కాబెల్ బ్రెకిన్‌రిడ్జ్ (1821–1875) అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసి, ఆ తరువాత ఆ దేశం నుంచే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ ప్రభుత్వానికి చివరి యుద్ధ మంత్రి అయిన కెంటకీ నాయకుడు. మంత్రిగా ఉన్నది సుమారు మూడు నెలలే. అప్పటికి గెలవడానికేమీ మిగల్లేదు.

లెగ్జింగ్టన్‌లో పేరున్న రాజకీయ కుటుంబం ఆయనది. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ హయాంలో ఆయన తాత అటార్నీ జనరల్. న్యాయవాదిగా మొదలై, 1851లో ప్రతినిధుల సభకు వెళ్ళాడు. 1857లో జేమ్స్ బ్యుకానన్‌కు ఉపాధ్యక్షుడయ్యేనాటికి వయసు 36. అంత చిన్నతనంలో ఆ పదవి చేపట్టినవారు ఇప్పటికీ లేరు.

1860లో బానిసత్వం ప్రశ్న మీద డెమోక్రటిక్ పార్టీ చీలింది. కొత్త భూభాగాలకు బానిసలను తీసుకుపోయే హక్కు యజమానులకు ఉండాలన్న దక్షిణాది వర్గం బ్రెకిన్‌రిడ్జ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టింది. 11 రాష్ట్రాల్లో గెలిచి 72 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నాడు గానీ సొంత కెంటకీలోనే ఓడాడు. 1861 ఫిబ్రవరి 13న ఉభయ సభల ముందు ఆ ఓట్లు లెక్కించాల్సింది ఉపాధ్యక్షుడే. అప్పటికే దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్నాయి. ఆయన మాత్రం తన ఓటమిని తానే చదివి, 180 ఓట్లతో అబ్రహాం లింకన్ గెలిచాడని ప్రకటించాడు.

తరువాత సెనేటర్‌గా, అంతర్యుద్ధం మొదలయ్యాక లింకన్ యుద్ధ చర్యలను ఎదిరించాడు. కెంటకీ అమెరికా పక్షానే నిలవడంతో, అరెస్టు తప్పదని తెలిసి సెప్టెంబరులో దక్షిణాదికి పారిపోయాడు. డిసెంబరులో సెనేట్ ఆయన్ను ద్రోహి అంటూ బహిష్కరించింది. కాన్ఫెడరేట్ సైన్యంలో చేరి షైలో, చికమాగా వంటి యుద్ధాల్లో పోరాడాడు. 1863 జనవరి 2న స్టోన్స్ రివర్ వద్ద, తాను వద్దన్నా పై అధికారి జనరల్ బ్రాగ్ ఆజ్ఞాపించిన దాడిలో గంటలోపే ఆయన దళం ఛిన్నాభిన్నమైంది. 1864 మేలో న్యూ మార్కెట్‌లో గెలిచాడు. సైనిక పాఠశాల కుర్రాళ్ళను కూడా పోరులోకి దించి సాధించిన గెలుపది.

1865 ఫిబ్రవరి 6న యుద్ధ శాఖ చేతికొచ్చింది. సేనలకు తిండి చేరవేయలేని సరఫరా అధిపతి నార్త్రప్‌ను ఆయన రాకతోనే సాగనంపారు. గెరిల్లా పోరుకు దిగకుండా మర్యాదగా లొంగిపోవాలన్నది ఆయన వాదన. ఏప్రిల్ మొదట్లో కాన్ఫెడరేట్ రాజధాని రిచ్‌మండ్ ఖాళీ అవుతుంటే శాఖ దస్తావేజులు కాపాడించాడు. దక్షిణాది వైపు యుద్ధ చరిత్ర రాసేవారికి అవే ఆధారం, మంత్రిగా ఆయన చేసిన అసలైన మేలు బహుశా అదే. అదే నెలలో నార్త్ కరోలినాలో అమెరికా సేనాని షెర్మన్‌తో సంధి చర్చల్లో కూర్చున్నాడు, అదీ సైనికాధికారి హోదాలోనే. అమెరికా గుర్తించని ప్రభుత్వానికి మంత్రి ఎక్కడుంటాడు?

దేశం వదిలిపొమ్మని అక్కడే షెర్మన్ హెచ్చరించాడు. ఫ్లోరిడా తీరం వెంట చిన్న పడవలో, సముద్రపు తాబేళ్ళ గుడ్లు తింటూ, జూన్‌లో క్యూబా చేరాడు. 1868 క్రిస్మస్ నాటి క్షమాభిక్ష తరువాతే ఇంటిముఖం చూశాడు. మళ్ళీ పదవుల జోలికి పోలేదు. రైలు మార్గాల పనిలో పడ్డాడు, కూ క్లక్స్ క్లాన్ దౌర్జన్యాలను బాహాటంగా ఖండించాడు.

లెగ్జింగ్టన్‌లో ఒకప్పుడు బానిసలను వేలం వేసిన చీప్‌సైడ్‌లో ఆయన విగ్రహం పెట్టారు. 2017లో దాన్ని తొలగించి, తరువాత ఆయన సమాధి ఉన్న శ్మశానవాటికకు చేర్చారు.